ఆ 'ట'ను చూడు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వ్యాసం పేజీ చూశాను. "ఇంగ్లీషు మీడియం లేకపోతే పిల్లలకు భవిష్యత్తే లేదట" అన్న వాక్యానికి పసుపు రంగు పూసి, పక్కన 'రచయిత అభిప్రాయం' అని రాశావు. మార్కులు పోయింది అక్కడే. చివరి 'ట' నీ కంట పడలేదు. ఆ మాట తనది కాదు, ఎవరో అంటుంటే విన్నది అని ఒక్క అక్షరంతో పక్కకు జరిగాడాయన. 'ట' ఉన్నంత మాత్రాన ఎద్దేవా అనుకోకు. అది ఎద్దేవానా కాదా అన్నది తర్వాతి వాక్యం చూస్తే తెలుస్తుంది.

మన శాస్త్రాల్లో ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం; తర్వాత సిద్ధాంతం, అంటే తను తేల్చిన మాట. మంచి వ్యాసకర్త ఎదుటివాడి వాదాన్ని ఎంత బాగా చెబుతాడంటే, అదే ఆయన మాటనుకుని మనం బోర్లా పడతాం. 'నిజమే', 'కొందరి వాదన' అని కనిపిస్తే పెన్ను ఆపు. 'కానీ', 'మాత్రం' దాటాక వినిపించేదే చాలాసార్లు ఆయన అసలు గొంతు.

ఇంకోటి. ఆయన ఎవరికి జవాబు చెబుతున్నాడో పట్టుకో. 1910ల్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు కాంపోజిషన్ ఏ భాషలో రాయించాలని పెద్ద గొడవ జరిగింది. గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారికం, అంటే వాడుక భాష అన్నారు; జయంతి రామయ్య పంతులు గ్రాంథికం, అంటే పాత పుస్తకాల భాష అన్నారు. ఆ విషయం మీద వేసిన సబ్‌కమిటీ నివేదికను కాదంటూ గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాశారు. చిత్రమేమిటంటే, వాడుక తెలుగు కోసం రాసిన ఆ పత్రం ఇంగ్లీషులో ఉంది! గ్రాంథికాన్ని సమర్థిస్తూ 1913లో జయంతివారు రాసిందీ ఇంగ్లీషులోనే. ఒప్పించాల్సింది విశ్వవిద్యాలయం పెద్దల్ని కదా. అది గుర్తుంచుకుని చదివితే, ఏ మాట ఎందుకు అంత జాగ్రత్తగా వేశారో తెలుస్తుంది.

వాళ్లు ఏం చేస్తూ ఆ మాట అన్నారో కూడా చూడు. గిడుగువారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన పంతులు, సవరలనే గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్న మనిషి. జయంతివారిది పాత గ్రంథాలు సేకరించే ఆంధ్ర సాహిత్య పరిషత్తు. ఒకరి చెవిలో జనం మాట, మరొకరి చేతిలో తాళపత్రం. ఇది వాళ్లు నిలబడ్డ చోటు. వాదం వేరు. చోటు తెలిసింది కదా అని వాదాన్ని ఊహించేయకు, చదివి తెలుసుకో.

నేనూ ఈ తప్పే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో "గిడుగు ఎలా మాట్లాడితే అలా రాయమన్నారు" అని క్లాసులో దర్జాగా చెప్పేవాణ్ణి. ఒక పిల్లాడు లేచి, "అయితే మా వీధిలో మాట్లాడినట్టు పరీక్షలో రాయొచ్చా మాస్టారూ?" అన్నాడు. నోట మాట రాలేదు. ఇంటికెళ్లి తీరిగ్గా చదివితే తెలిసింది, ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్లు వాడే భాష. కావ్యాల్ని అటకెక్కించమనీ అనలేదు, తన వాదానికి పాత ప్రయోగాల్నే సాక్ష్యం తెచ్చారు. నేను చెబుతున్నది ఆయన ప్రత్యర్థులు ఆయనకు అంటగట్టిన మాట!

ఆ పేజీ మళ్లీ చదువు. పసుపు పెన్ను పక్కన పడేసి రెండు రంగుల పెన్సిళ్లు తీసుకో, ఎదుటివాళ్ల మాటకొకటి, ఆయన మాటకొకటి. ఏ రంగు వేయాలో తేలని వాక్యం ఉంటే ఖాళీగా వదిలెయ్, ఫోన్లో మాట్లాడుకుందాం. ఫొటో కాస్త దగ్గర్నుంచి తియ్యి, కంటి ఆపరేషనయ్యాక చిన్నక్షరాలు ఇంకా మసగ్గానే ఉన్నాయి.

మీ పెదనాన్న