పరిశోధనలో చేరుతున్న అమ్ములుకు

చిరంజీవి అమ్ములుకు,

పీహెచ్‌డీ సీటు వచ్చిందని విని చాలా సంతోషపడ్డాను. కప్పల మీద పని చేయనా, పక్షుల మీదా అని అడిగావు. అది తర్వాత చూద్దువుగాని. ముందు నీకు ఏం తెలుసుకోవాలని ఉందో ఒక్క వాక్యంలో రాయి. ‘కప్పల మీద పని చేస్తాను’ అంటే ప్రశ్న కాదు. ‘కుంట తొందరగా ఎండిపోయే చోట తోకకప్పలు చిన్న సైజులోనే కప్పలైపోతాయా?’ ఇదీ ప్రశ్న. ఏం కనబడితే నీ ఊహ తప్పినట్టో కూడా ఆ పక్కనే రాసుకో.

ఆ తర్వాత లెక్క. ఎండే కుంట ఒకటి, ఎండనిది ఒకటి తీసుకుని ఒక్కోదాంట్లో వంద తోకకప్పలు కొలిచావనుకో. నీ దగ్గర రెండు వందల నమూనాలు ఉన్నట్టు కాదు. నీ ప్రశ్న కుంటల గురించి, కుంటలేమో రెండే! వాటి మధ్య నీడ, చేపలు, తిండి అన్నీ తేడాగానే ఉంటాయి. ఇంకో వెయ్యి కొలిచినా ఆ చిక్కు వీడదు. జీవావరణ శాస్త్రవేత్త హర్ల్‌బర్ట్ 1984లోనే దీనికి సూడోరెప్లికేషన్ (ఉత్తుత్తి నమూనాల లెక్క) అని పేరు పెట్టి ఏకిపారేశారు. అయినా ఇంకా కనబడుతూనే ఉంటుంది. అందుకే ఫీల్డ్‌కు వెళ్లకముందే ఉత్తుత్తి డేటా తయారుచేసి, నువ్వు చేయబోయే విశ్లేషణంతా ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి నడిపి చూడు. ఎన్ని కుంటలు కావాలో అక్కడే తేలుతుంది. సీజన్ అయిపోయాక తేలితే ఏడాది పోయినట్టే.

గైడ్‌ను పేరు చూసి ఎంచుకోకు. అక్కడి విద్యార్థులతో విడిగా మాట్లాడు. డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు తిరిగొస్తుందో అడుగు, చాలు.

కుదిరితే ఏళ్ల తరబడి కొలతలు నడుస్తున్న ప్రాజెక్టులో చేరమంటాను. పీహెచ్‌డీకి గడువుంది, జీవపరిణామానికి లేదు కదా. గాలపగోస్‌లోని డాఫ్నే మేజర్ దీవిలో పీటర్, రోజ్‌మరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఫించ్ పిట్టలకు రింగులు వేసి ముక్కులు కొలుస్తూ వచ్చారు. 1977లో కరువొచ్చింది. చిన్న మెత్తటి గింజలు అయిపోయి, గట్టి గింజలు పగలగొట్టగల పెద్ద ముక్కు పిట్టలే ఎక్కువగా బతికాయి. అప్పుడక్కడ పరిశోధక విద్యార్థిగా ఉన్న పీటర్ బోగ్‌కు ప్రకృతివరణం, అంటే పరిస్థితికి తగినవే బతికి నిలవడం, కళ్లెదుటే దొరికింది. పీటర్ గ్రాంట్‌తో కలిసి 1981లో పేపర్ వేశాడు. కరువు రావడం అదృష్టమే అనుకో, కానీ కొలతలు ముందే చేతిలో ఉండబట్టే అది అక్కరకొచ్చింది. అయితే అలాంటి చోట డేటా ఎవరిది, పేపర్ మీద ఎవరి పేరు ముందు అన్నవి చేరకముందే తేల్చుకో. మొహమాటపడితే తర్వాత టెన్షన్ నీకే.

నోట్సు పెన్సిల్‌తోనే రాయి, తడిసినా చెరగదు. వెతికినా కనబడకపోతే సున్నా వేయి, అసలు వెతకకపోతే ఖాళీ వదిలెయ్. ఈ రెండూ కలిసిపోయాయంటే ఆర్నెల్ల తర్వాత నీకే తెలియదు. ఏ రోజుది ఆ రోజే కంప్యూటర్‌లోకి ఎక్కించు.

జీవుల్ని పట్టుకోవడానికి పర్మిట్ దరఖాస్తు మాత్రం చేరిన వారంలోనే పెట్టు. అవి నెలలు నెలలు నానుతాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న