కాళహస్తి తరగతికి వెళ్లే మనవరాలికి

తిరుపతి

చి. మనవరాలికి ఆశీస్సులు.

అమ్మా, కాళహస్తిలో యువజనులకు నువ్వు రాజకీయ తరగతి చెప్పబోతున్నావని, అంశం నేపాల్‌లో కమ్యూనిస్టు నాయకుడు మదన్ భండారీ ప్రతిపాదించిన జనతా బహుళపార్టీ ప్రజాస్వామ్యమని మీ నాన్న చెప్పగానే పొంగిపోయాను. ఆ వెంటనే, పుస్తకం భాషలో గడగడా చదివేసి వస్తావేమోనని దిగులూ పట్టుకుంది.

తేదీలు సరిచూసుకో, గంటకు మించి మాట్లాడకు, ప్రశ్నలకు సమయం వదులు. ఇవి నీకు తెలిసినవే.

నాకు భయమంతా ఒక్కచోటే. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికలప్పుడు మా నాయన కమ్యూనిస్టు పార్టీ సభ జరిగిన ప్రతి ఊరి పేరూ నోటుపుస్తకంలో రాసి, జనం నిండుగా వచ్చిన ఊరికి ఎర్రసిరాతో టిక్కు పెట్టేవాడు. సువర్ణముఖి అవతలి ఊళ్లన్నీ ఎర్రగానే ఉండేవి. తీరా చూస్తే 196 స్థానాల్లో పార్టీకి దక్కినవి 15. కాళహస్తిలో గెలిచింది నీలం సంజీవరెడ్డి. ఓట్లు మాత్రం నూటికి ముప్పైకి పైగానే పడ్డాయి. ప్రత్యర్థులు కాంగ్రెసు నాయకత్వాన ఒక్కటైతే అన్ని ఓట్లు వచ్చినా సీట్లు రావన్న లెక్క ఆ నోటుపుస్తకంలో లేదు. దానికన్నా పెద్ద పొరపాటు ఆ తర్వాతది. జనాన్ని మోసగించారని నాయన చివరిదాకా అంటూనే ఉన్నాడు. డబ్బూ బెదిరింపూ పనిచేయలేదని నేననను. కానీ తన రెండెకరాలూ పోతాయేమోనని భయపడి కాంగ్రెసు కాడెద్దుల గుర్తుకు ఓటేసిన చిన్నరైతును ఎందుకు భయపడ్డావని అడిగినవాళ్లు మాత్రం లేరు.

నేపాల్ సంగతి ఇక్కడినుంచి మొదలుపెట్టు. 1990 ఉద్యమంతో, రాజు చేతిలో అధికారం ఉన్న పార్టీరహిత పంచాయతీ వ్యవస్థ కూలింది. 1991లో భండారీ కాఠ్మాండులో తాత్కాలిక ప్రధాని కృష్ణప్రసాద్ భట్టరాయ్‌నే ఓడించాడు. 1993 మహాసభలో అక్కడి కమ్యూనిస్టు పార్టీ ఆయన సిద్ధాంతాన్ని ఆమోదించింది. రాజ్యాంగ ఆధిక్యత, అధికార విభజన, మానవహక్కులు, ప్రతిపక్షం ఉండే హక్కు అందులో ఉన్నాయి. వీటిని జాబితాలా చదివితే కుర్రాళ్లు నిద్రపోతారు. కమ్యూనిస్టులు తమ నాయకత్వాన్ని పోటీలో నెగ్గి నిరూపించుకోవాలన్నదే దాని ప్రాణం. పోటీ అన్నాక ఓటమీ ఉంటుంది: 1994లో ఏర్పడిన అదే పార్టీ నేత మన్‌మోహన్ అధికారి మైనారిటీ ప్రభుత్వం తొమ్మిది నెలలకే పడిపోయింది. మనకు ఓటేయనివాణ్ణి మోసపోయిన అమాయకుడిగానే చూసే పార్టీ ఈ సిద్ధాంతాన్ని ఎంత వల్లించినా ఆచరించలేదు. ఇది దాటవేశావంటే మాత్రం నేను ఊరుకోను.

గెలిచినా నిలవనిస్తారా అని ఒకరైనా అడుగుతారు. 1957లో ఓట్లతో వచ్చిన కేరళ కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని, సభలో మెజారిటీ ఉండగానే, 1959లో కేంద్రం రద్దు చేసింది కదా. అది అన్యాయమని సూటిగా చెప్పు, నసగకు. ఆ తర్వాత కూడా అక్కడివాళ్లు ఎన్నికలు వదల్లేదని, 1967లో మళ్లీ గెలిచారని కూడా చెప్పు.

గొంతు పెంచకు తల్లీ, నీకు కోపం వస్తే మాట తడబడుతుంది, చిన్నప్పటినుంచీ అంతే. వాదన సాగుతోందని చివరి బస్సుదాకా కూర్చోవద్దు. ఆలస్యమైతే అత్త ఇంట్లో ఉండిపో, నేను ఫోను చేసి చెప్పి ఉంచుతాను.

మీ తాతయ్య