బత్తాయి ఆకు కొన మాడుతోంది, జిప్సం వేయాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మూడెకరాల బత్తాయి తోట, ఎనిమిదేళ్ల చెట్లు. పాత బోరు ఎండిపోతే నిరుడు లోతుగా కొత్త బోరు వేయించి డ్రిప్పుతో పారిస్తున్నాం. ముదురాకులు కొనల నుంచి మాడి రాలుతున్నాయి, కాయ ఊరడం లేదు. నీళ్ల పరీక్షలో ఇ.సి. (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 2.2, క్లోరైడ్లు ఎక్కువ, సోడియం మామూలే అని వచ్చింది. దుకాణంలో జిప్సం వేయమంటున్నారు. వేయమంటారా?

జవాబు: వద్దు, డబ్బు దండగ. సోడియం వల్ల బిగుసుకుపోయిన చౌడు నేలకు జిప్సం మందు. మీ సమస్య అది కాదు, నీళ్లలోని ఉప్పు, అందులోని క్లోరైడ్. ఆకు కొన మాడేది దానివల్లే.

బత్తాయి ఉప్పుకు ఏమాత్రం ఓర్చుకోదు. నీటి ఇ.సి. 1.1 దాటితే దిగుబడి జారడం మొదలవుతుంది, 2.2 దగ్గర పావు వంతు పోవచ్చు. నేల తడిగా ఉన్నా ఉప్పు వల్ల వేరు నీరు లాగలేదు, కాయ చిన్నదవుతుంది. రసం ఉప్పగా మారదు లెండి, తీపి కాస్త పెరిగినా పెరగొచ్చు. కానీ మండీలో తీపి ఎవరు చూస్తారు, సైజే కదా!

మొదలు దగ్గర ఒకసారి వంగి చూడండి. డ్రిప్పు తడి ఆగిన అంచున తెల్లటి పొర కనిపిస్తుంది. అది పేరుకున్న ఉప్పు. తొలకరి చిరుజల్లు పడితే అదంతా కరిగి నేరుగా వేళ్ల మీదికి దిగుతుంది. కాబట్టి ఆ జల్లుల్లో మోటరు ఆపకండి. వాన పడుతుంటే నీళ్లేంటని ఊళ్లో నవ్వుతారు, నవ్వనీయండి. నీరు బాగా ఇంకే నేలైతే, మధ్యమధ్య ఒక తడి ఎక్కువసేపు వదిలి ఉప్పును వేళ్ల కిందికి దించాలి. ఫాంపాండులో (పొలం కుంటలో) పట్టిన వాన నీళ్లుంటే బోరు నీళ్లతో కలిపి పారించండి.

పొటాష్ ఎరువుగా మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తున్నారేమో చూసుకోండి. అందులో సగం దాకా క్లోరైడే! బదులుగా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి, ఖరీదెక్కువైనా సరే. పూతకని చెట్లను బెట్టకు వదిలే అలవాటుంటే ఈ ఏడు ఎక్కువ రోజులు ఎండబెట్టకండి. నేల ఆరేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది.

చచ్చిన చెట్ల చోట మొక్కలు నాటేటప్పుడు జంబేరి నిమ్మ వేరుమూలం (అంటు కట్టే అడుగు మొక్క) మీద కట్టిన అంట్లు తేకండి. రంగపూర్ నిమ్మ మీద కట్టినవి తీసుకోండి, ఆ వేరుమూలం క్లోరైడ్‌ను చాలావరకు పైకి రానివ్వదు. మీ పాత చెట్లు దేని మీద కట్టినవో నర్సరీ వాళ్లను కనుక్కుని రాయండి.