ముగ్గు పోయకముందే చూసుకోవాల్సిన లెక్కలు

చి.సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మీ ప్రాథమికోన్నత పాఠశాలకు కొత్త భవనం మంజూరైందనీ, పని మీ యాజమాన్య కమిటీయే చేయించాలనీ అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. కంగారు పడకు. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడులోనూ, తెలంగాణలో 2022లో వచ్చిన మన ఊరు-మన బడిలోనూ చాలా పనులు ఈ కమిటీల చేతుల మీదుగానే జరిగాయి. పంచాయతీరాజ్ ఇంజినీరుగా నా ఉద్యోగమంతా బడులూ రోడ్లూ ట్యాంకులతోనే గడిచింది గనుక నాకు తెలిసింది రాస్తున్నాను. ఖర్చు తగ్గించుకునే వీలంతా ముగ్గు పోసే రోజు దాకానే, అంటే పునాదుల గీతలు నేల మీద గీసే దాకానే ఉంటుంది. పునాదులు తీశాక మిగిలేది బిల్లులు కట్టడమే. ఇప్పుడు ఓ నెల ఆలస్యమైనా ఫరవాలేదు, కాగితం మీద అన్నీ తేల్చుకో.

మొదట గదుల సంఖ్య. "ఎటూ కడుతున్నాం, ఇంకో రెండు గదులు వేసేద్దాం" అని ఊళ్లో పెద్దలు తప్పకుండా అంటారు. బడుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ రికార్డు యూడైస్‌లో గడచిన అయిదేళ్ల పిల్లల సంఖ్య తీసి కమిటీ ముందు పెట్టు. విద్యాహక్కు చట్టం ప్రకారం టీచరుకు ఒక గది ఉండాలి. 6 నుంచి 8 తరగతులకు 35 మందికి కనీసం ఒక టీచరు ఉండాలి. ఆ లెక్కకు మించి కట్టిన గది రెండేళ్లలో విరిగిన బెంచీల కొట్టు అవుతుంది. పాత గదుల్లో గోడలు గట్టిగా ఉండి పైకప్పు మాత్రమే కారుతున్నవి ఉంటే కూల్చేయకండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని అడిగి, మరమ్మతుకు పనికొస్తాయేమో రాతపూర్వకంగా తీసుకో.

తర్వాత స్థలం. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. బడి వెనక చెరువు వైపు పల్లం ఖాళీగా ఉందని అక్కడ కట్టాలనుకుంటున్నారట. ఒక్క లెక్క చూడు. 100 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు స్థలాన్ని 3 అడుగులు ఎత్తు చేయాలంటే 9,000 ఘనపుటడుగుల గ్రావెల్ కావాలి. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు గనుక 90 యూనిట్లు. దిమ్మిస చేస్తే కుంగుతుంది కాబట్టి ఇంకా పైనే పడుతుంది. ఒక్క ఇటుక పెట్టకముందే అంత డబ్బు మట్టిపాలవుతుంది. పైగా మీది పల్నాటి నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, దానితోపాటే గోడలూ బీటలు వారతాయి. అలాంటి నేలల్లో తడి మార్పులు తగలని లోతు దాకా దిగే, అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాలు, అంటే అండర్ రీమ్‌డ్ పైల్స్ వేస్తారు. రూర్కీలోని భవన పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ వాళ్లు వాటి మీద చాలా పని చేశారు. మంచి పద్ధతే గానీ ఖర్చుతో కూడినది. అందుకే ముందు స్థలంలో మూడు చోట్ల గోతులు తీయించి, మట్టి పరీక్ష చేయించు. ముందు వైపు మెరకలో గట్టి నేల తగిలితే, ఆటస్థలం కాస్త వెనక్కి జరిపి అయినా సరే, అక్కడే కట్టండి. పల్లంలో పిల్లలు ఆడుకోవచ్చు, భవనం మాత్రం అక్కడ వద్దు.

ప్లాను సాదాగా, దీర్ఘచతురస్రంగా ఉండనీ. వరుసగా గదులుంటే మధ్య గోడ రెండు గదులకూ పనికొస్తుంది. వంకర్లు పెరిగేకొద్దీ గోడలూ మూలలూ పెరుగుతాయి. పొడుగు గోడలు ఉత్తర, దక్షిణ దిక్కులకు ముఖం చేసి ఉండేలా, వరండా దక్షిణానికి వచ్చేలా చూడు. సాయంత్రపు ఎండ పడమటి చివరి గోడకే తగులుతుంది, తరగతులు చల్లగా ఉంటాయి. రేపు పై అంతస్తు వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే ఏఈ గారికి చెప్పు. పునాది ముందే దాన్ని బట్టి వేయాలి. ఆలోచన లేకపోతే ఆ బరువుకు పునాది వేసి డబ్బు పాతిపెట్టకండి.

కేరళలో తక్కువ ఖర్చు ఇళ్లు కట్టిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్‌లో ఇటుకను పక్కకు నిలబెట్టి లోపల ఖాళీ వదులుతారు. ఇటుకలు నాలుగో వంతు దాకా మిగులుతాయి. నాకు చాలా ఇష్టమైన పద్ధతి. కానీ మీ మేస్త్రీకి అలవాటు లేకపోతే బడి గోడ మీద నేర్చుకోనివ్వకు. నేలకు మాత్రం వెట్రిఫైడ్ టైల్స్ ఎందుకు? మాచర్ల నాపరాళ్లు మీకు పక్కనే దొరుకుతాయి. పిల్లలు తడికాళ్లతో వచ్చినా జారవు, ఏళ్ల తరబడి మన్నుతాయి.

ఎస్టిమేట్ నీ చేతికి రాగానే మొత్తం చూసి పక్కన పెట్టకు. 'లీడ్' అని ఒక పేజీ ఉంటుంది. క్వారీ నుంచి కంకర, రేవు నుంచి ఇసుక ఎన్ని కిలోమీటర్ల రవాణాకు లెక్కగట్టారో అందులో ఉంటుంది. దగ్గర్లో క్వారీ ఉండగా దూరపుది రాసి ఉంటే అడుగు. లంప్‌సమ్‌గా, అంటే విడి లెక్క లేకుండా ఒకే మొత్తంగా రాసిన ప్రతి పద్దుకూ వివరం అడుగు. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18కి దిగింది. అంతకుముందు తీసుకున్న కొటేషన్లుంటే మళ్లీ తెప్పించు.

ఇక సరుకు దిగేటప్పుడు. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే గదా, ఇద్దరు తల్లులకు టేపు ఇచ్చి నిలబెట్టు. ఇసుక ట్రక్కు దించకముందే పైన సమం చేయించి పొడవు, వెడల్పు, లోతు కొలవాలి. మధ్యలో గుట్టగా పోసి అంచుల్లో ఖాళీ వదిలితే నిండుగానే కనిపిస్తుంది. తేమ ఇసుక నాలుగో వంతు దాకా పొంగుతుంది. గాజు గ్లాసులో ఆ ఇసుక నింపి, నీళ్లు పోసి చూస్తే ఎంత కుంగుతుందో కనబడుతుంది. ఇనుము వస్తే కాటా చీటీ ఒక్కటే నమ్మకు. 12 ఎంఎం రాడ్డు 12 మీటర్లు ఉంటే సుమారు 10.66 కిలోలు తూగాలి, 8 ఎంఎం అయితే 4.74. రాడ్లు లెక్కపెట్టి గుణించి చీటీతో సరిచూడు. సిమెంటు అవసరం మేరకే విడతలుగా తెప్పించి చెక్కల మీద పేర్పించు. మూడు నెలలు దాటిన బస్తా బలం తగ్గుతుంది.

స్లాబు పోసేందుకు కింద నిలబెట్టే సెంట్రింగ్ అద్దె రోజు లెక్కన పెరుగుతుంది. రాడ్లు కట్టేందుకు మనుషులు, కంకర, ఇసుక అన్నీ సిద్ధమయ్యాకే పరికరం దింపించు.

కొన్నిచోట్ల పొదుపు అన్న మాటే రానీయకు. స్లాబుకు క్యూరింగ్, అంటే నీళ్లతో తడిపి ఉంచడం కనీసం 10 రోజులు, ఎండ ముదిరితే 14. నీళ్ల ట్యాంకర్ డబ్బు మిగిల్చి స్లాబు పోగొట్టుకోవద్దు. వైరింగ్‌లో నాసి తీగ వద్దు. మరుగుదొడ్లు ఆడపిల్లలకు వేరుగా, నీళ్ల కనెక్షన్‌తో సహా ఎస్టిమేట్‌లోనే ఉండాలి. వంటషెడ్డు తరగతులకు దూరంగా కట్టండి. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో ఒక బడిలో వంటింటి మంట ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఆ వార్త చదివిన రోజు నుంచి వంటషెడ్డు ఎక్కడుందో చూడకుండా నేను ఏ బడి ప్లానూ ముట్టుకోలేదు. చక్రాల కుర్చీ ఎక్కేలా ర్యాంపు కూడా మరిచిపోకు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి.

అసలు గొడవ పని మొదలయ్యాక వస్తుంది. ఒక ఊళ్లో మధ్యలో ముఖద్వారం కావాలని, పోర్టికో కావాలని పట్టుబట్టారు. ఒక్కో కోరికకూ ఒక్కో పద్దు చేరి ఖర్చు తడిసి మోపెడైంది. చివరికి మరుగుదొడ్లకు పైపులైను వేయడానికి పైసా మిగల్లేదు. ఆడపిల్లలు ఏడాదిపాటు పక్కిళ్లకు పరుగెత్తారు. మీ కమిటీలో ఇప్పుడే తీర్మానం రాయించు: ముగ్గు పోశాక ప్లాను మారదు, మారాలంటే ఆ డబ్బు ఎక్కడిదో ముందు చెప్పాలి. పూర్వ విద్యార్థులు ముఖద్వారానికి ఇస్తామంటే వద్దనకు, బెంచీలకో ప్రహరీకో మళ్లించమని ప్రేమగా అడుగు. పేరు దాని మీదా రాయొచ్చు.

వానలు తగ్గాక పునాదులు తీసి, ఫిబ్రవరిలోపు స్లాబు పడేలా చూసుకోండి. ప్లాస్టరింగ్, రంగులు వేసవి సెలవుల్లో. మీ బోరు ఏప్రిల్‌లో ఎండుతుందని విన్నాను, నిజమేనా? అయితే ట్యాంకర్ల ఖర్చు ఇప్పుడే వేరుగా రాసుకో. ప్లానూ ఎస్టిమేటూ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపు. శంకుస్థాపన ముహూర్తం నేను చూశాకే పెట్టించు, ఒక రోజు ముందే వచ్చి నీతో పాటు స్థలమంతా తిరుగుతాను.

అల్లుడికీ పిల్లలకూ దీవెనలు.

ఇట్లు,
మీ మామయ్య