ఇన్నోడీబీకి మార్చినా అప్‌డేట్లు ఆగిపోతుంటే

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో మీ ఆర్డర్ల టేబుల్‌ని మైఐసామ్ నుంచి ఇన్నోడీబీకి (రెండూ డేటాను దాచే ఇంజిన్లే) మార్చినా అప్‌డేట్లు ఆగుతున్నాయని అడిగారు. మీ అప్‌డేట్ క్వెరీలోని వేర్ (WHERE) షరతులో ఉన్న ఫోన్ కాలమ్‌కి ఇండెక్స్ (వరుసల్ని త్వరగా వెతికిపెట్టే సూచిక) పనిచేయడం లేదు. ఒక ఆర్డర్ అప్‌డేట్ అవుతుంటే మిగతావన్నీ 50 సెకన్లు ఆగి లాక్ వెయిట్ టైమవుట్ (లాక్ కోసం ఆగే గడువు ముగిసిందనే ఎర్రర్) ఇస్తున్నాయన్నారు కదా, అది టేబుల్ మొత్తానికి ఒకేసారి పడే టేబుల్ లాక్ కాదు. మైఐసామ్‌ని వదిలేయడంతోనే ఆ గొడవ పోయింది. డిఫాల్ట్ సెట్టింగ్‌లో ఇన్నోడీబీ మీకు కావాల్సిన వరుసకే కాదు, వెతుకుతూ దాటిన ప్రతి వరుసకీ లాక్ వేస్తుంది.

1. అప్‌డేట్ క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ (EXPLAIN) అనే పదం పెట్టి నడపండి, అది ఎలా వెతుకుతుందో చూపిస్తుంది. కీ (key) దగ్గర ప్రైమరీ (PRIMARY) అని కనిపిస్తే మోసపోకండి. రోస్ (rows, చూడాల్సిన వరుసల అంచనా) అంకె టేబుల్ మొత్తానికి దగ్గరగా ఉంటే అంతా వెతుకుతోందనే.

2. "ఇండెక్స్ ఉందిగా" అంటారా? చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కాలమ్ వార్‌చార్ (VARCHAR, అక్షరాలుగా దాచే రకం) అయి, నంబర్‌ని కోట్స్ లేకుండా పంపితే మైఎస్‌క్యూఎల్ ప్రతి విలువనీ అంకెగా మార్చి పోలుస్తుంది. ఇక ఇండెక్స్ ఉన్నా లేనట్టే. కోట్స్ పెట్టండి, లేదా కోడ్‌లో స్ట్రింగ్‌గా బైండ్ చేయండి. ఈ రెండు కోట్స్ కోసం నేను ఒక రాత్రంతా జాగారం చేశాను.

3. నిజంగానే ఇండెక్స్ లేకపోతే వేయండి. ముందు ఆ టేబుల్ మీద కమిట్ కాని (ఇంకా ముగియని) ట్రాన్సాక్షన్లు లేకుండా చూసుకోండి, లేకపోతే ఇండెక్స్ వేసే ఆల్టర్ (ALTER) కమాండ్ కూడా క్యూలో నిలబడుతుంది.

మళ్ళీ ఎక్స్‌ప్లెయిన్ నడిపితే, ఆ ఫోన్ నంబర్‌కి ఒకే వరుస ఉంటే, రోస్ 1కి దిగాలి.