గాయపడ్డ నెమలిని ఇంట్లో పెంచుతున్నాం, కేసు అవుతుందా?

ప్రశ్న: రెండున్నర నెలల క్రితం కుక్కలు తరమడంతో రెక్క విరిగిన ఆడనెమలి మా పొలం గట్టు మీద కనిపించింది. ఇంటికి తెచ్చి ప్రైవేటు పశువుల డాక్టరుతో కట్టు కట్టించాను. ఇప్పుడు బాగా తిరుగుతోంది. పిల్లలు దాన్ని వదిలి ఉండలేకపోతున్నారు. మా అమ్మాయి వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. మాతో గట్టు తగాదా ఉన్న పక్క రైతు అది చూసి, ఫారెస్టు వాళ్లకు చెబుతానని బెదిరిస్తున్నాడు. ప్రాణం కాపాడడం నేరమా? లైసెన్సు తీసుకుని పెంచుకోవచ్చా? రాత్రికి రాత్రి గుట్ట మీద వదిలేయమని కొందరు, పాత తేదీతో ఒక అర్జీ రాసి దగ్గర పెట్టుకోమని కొందరు చెబుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు రాసినదాంట్లో అసలు కావలసిన విషయమే లేదు. నెమలి మీ చేతికి వచ్చాక 48 గంటల్లోపు పోలీసులకో, అటవీ అధికారులకో తెలియజేశారా? ఎక్కడా రాయలేదు కాబట్టి తెలియజేయలేదనే అనుకుంటున్నాను. మీ కేసు తేలేది ఇక్కడే. పక్క రైతు పగతో చెబుతున్నాడా, బాధ్యతతో చెబుతున్నాడా అన్నది కోర్టుకు అవసరం లేదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 39 ప్రకారం, చట్టానికి విరుద్ధంగా బంధించి ఉంచిన అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. అలాంటిది ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లో దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు గానీ, అధీకృత అధికారికి గానీ రిపోర్టు చేయాలి, అడిగితే అప్పగించాలి. ‘ఏ విధంగా’ అన్నారు కాబట్టి జాలిపడి తెచ్చినా అందులోకే వస్తుంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల విభాగం పెద్ద అధికారి) గానీ, అధీకృత అధికారి గానీ ముందుగా రాతపూర్వక అనుమతి ఇస్తే తప్ప ఉంచుకోకూడదు. కుక్కల నోట్లోంచి తప్పించి, కట్టు కట్టించి, వెంటనే ఫోన్ చేసి ఉంటే మిమ్మల్ని తప్పుపట్టేవాళ్లు ఉండేవారు కాదు. ఆ తర్వాత రెండున్నర నెలలు మౌనంగా ఉండడమే చిక్కు తెచ్చింది.

సెక్షన్ 57 సంగతి కూడా చూడండి. జంతువు మీ దగ్గర ఉందని ప్రాసిక్యూషన్ చూపిస్తే చాలు, అది అక్రమంగా ఉందనే కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది మీరు. దేనితో చేస్తారు? డాక్టరు చీటీ ఉందా? మందుల బిల్లు ఉందా? దొరికిన రోజు గాయంతో తీసిన ఫొటో ఉందా? వీటిలో ఒక్కటీ మీరు ప్రస్తావించలేదు. నెమలి ఆరోగ్యంగా మీ వాకిట్లో తిరుగుతున్న వీడియో మాత్రం తేదీతో సహా మీరే లోకానికి ఇచ్చారు. ఇంత అజాగ్రత్త ఎలా చేశారండీ?

నెమలి ఈ చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే జంతువుల జాబితా అయిన షెడ్యూల్ 1లో ఉంది. నేరం రుజువైతే కనీసం మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. 2022 సవరణ తర్వాత కనీస జరిమానా రూ. 25,000. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి డబ్బు కట్టి రాజీ చేసుకునే దారి లేదు. అలా సెటిల్ చేస్తామని ఎవరైనా వస్తే పైసా ఇవ్వకండి. కాలపరిమితి మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు కోర్టు విచారణకు తీసుకునే గడువంటూ ఉండదు. మూడేళ్లు గడిచాక కూడా ఈ వీడియో మీ మీదికి రావచ్చు.

లైసెన్సు అడిగారు. లేదు. కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో పక్షులను రిజిస్టర్ చేసుకుంటున్నారని విని ఉంటారు, అది మకావ్ లాంటి విదేశీ జాతులకు. మన అడవి పక్షికి వర్తించదు. ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీలో ఒకాయన గాయపడ్డ సారస్ కొంగను బాగుచేశారు. అది నెలల తరబడి ఆయన వెంటే స్వేచ్ఛగా తిరిగింది. అయినా 2023లో అధికారులు దాన్ని తీసుకుపోయారు, ఆయన మీద కేసు పెట్టారు.

ఇక మీకు వచ్చిన రెండు సలహాలు. పాత తేదీతో అర్జీ సృష్టించడం అంటే తప్పుడు సాక్ష్యం తయారుచేయడమే. ఇప్పుడు మీ మీద ఉన్నది ఆలస్యం చేశారన్న ఆరోపణ ఒక్కటే. ఆ కాగితం పుడితే మోసం చేశారన్న ఆరోపణ కూడా చేరుతుంది, మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఆఫీసుకు వచ్చే, పోయే కాగితాలు రాసే ఆవక్ జావక్ రిజిస్టర్ తిరగేస్తే నిమిషాల్లో బయటపడుతుంది. గుట్ట మీద వదిలేస్తే వీడియో ఎలాగూ ఉంటుంది, పక్షి మాత్రం కనిపించదు. చంపేశారా, అమ్మేశారా అని అడిగితే ఏం చెబుతారు? పైగా మనుషుల చేతి తిండికి అలవాటుపడి, రెక్క పూర్తిగా అతికిందో లేదో తెలియని పక్షిని చీకట్లో వదిలితే కుక్కలకో నక్కలకో అప్పగించినట్టే. మీరు కాపాడిన ప్రాణాన్ని మీరే తీయకండి.

చేయవలసింది ఈ రోజే చేయండి. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పేరుతో, ఈ రోజు తేదీతోనే అర్జీ రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఏ స్థితిలో దొరికింది, ఎవరు వైద్యం చేశారు, రిపోర్టు ఎందుకు ఆలస్యమైంది, అన్నీ ఉన్నదున్నట్టు రాయండి. డాక్టరు దగ్గరకు వెళ్లి, ఆయన రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటే దాని నకలు అడగండి. లేకపోతే తాను చూసింది ఈ రోజు తేదీతో రాసి ఇమ్మనండి. ఆ రోజు గట్టు మీద ఉన్న కూలీల పేర్లు చేర్చండి. రెండో కాపీ మీద సీలు, సంతకం, తేదీ వేయించుకోండి. వాళ్లు తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపండి. పక్షిని మీరు బండి మీద తీసుకెళ్లవద్దు, వాళ్లనే రమ్మనండి, అప్పగించేటప్పుడు పంచనామా కాపీ తీసుకోండి. ఆ వీడియోను తీసేయకండి, కొత్తవి పెట్టకండి.

ఆలస్యంగా చెప్పినంత మాత్రాన కేసు పెట్టరని మాట ఇవ్వలేను. కానీ దొరికిపోయినవాడికీ, తానే వచ్చి చెప్పినవాడికీ తేడాను బెయిలు దశలోనే కోర్టు చూస్తుంది.

ఇది చదివే మిగతావారికి: గాయపడ్డ పక్షి గానీ చిన్న జంతువు గానీ కనిపిస్తే ముందు దూరం నుంచి ఫొటో తీసి, సమయం రాసుకుని, అటవీ శాఖకు ఫోన్ చేయండి. నంబరు తెలియకపోతే 112కు చేయండి. కుక్కలను, జనాన్ని దూరంగా ఉంచండి. వాళ్లు వచ్చే దాకా ఆగలేని పరిస్థితి అయితే, అది పక్షి అయితేనే, గుడ్డ కప్పి గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచండి. నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. కోతి, నక్క, ముంగిస, గబ్బిలం లాంటివాటిని ముట్టుకోనే వద్దు. కరిచినా గీరినా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లండి.

మీకు నోటీసు వస్తే ఒంటరిగా వెళ్లి మాట్లాడకండి. అటవీ శాఖలో అసిస్టెంట్ కన్జర్వేటర్ గానీ, ఆ పై హోదా అధికారి గానీ మీ ఎదుట రికార్డు చేసిన సాక్ష్యం తర్వాత కోర్టులో చెల్లుతుంది. అర్జీ, డాక్టరు కాగితం, పంచనామా కాపీలు పట్టుకుని ముందు స్థానిక క్రిమినల్ లాయర్‌ను కలవండి. అరెస్టు భయం ఉంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 482 కింద ముందస్తు బెయిలుకు దరఖాస్తు వేయించండి.