వేషం కట్టి వెట్టి చెప్పాలంటే

ప్రశ్న: మ్యూజియంలో ఇంటర్న్‌గా చేరాను. అమెరికాలో నల్లవారి చరిత్రను ఆనాటి దుస్తుల్లో చెప్పినట్టు, చాకలి ఐలమ్మ కాలం నాటి వెట్టిచాకిరీని వేషంలో చెప్పమన్నారు. చూసినోళ్లు ఏడవాలంటున్నారు మా సార్. ఎట్లా మొదలుపెట్టాలి?
– ఎం.ఏ. విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఏడిపించే సంగతి పక్కన పెట్టండి. వర్జీనియాలోని కొలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో 1979 నుంచి నల్లవారి జీవితాన్ని వేషాల్లో చెబుతున్నారు. 1994 అక్టోబరులో బానిసల వేలాన్ని నటించి చూపితే, అవమానాన్ని తమాషా చేస్తున్నారని పౌరహక్కుల సంఘాలు నిరసనకు దిగాయి. చూశాక మనసు మార్చుకున్నవారూ ఉన్నారు గానీ, అది చేయి తిరిగినవాళ్ల పని. కొత్త ఇంటర్న్ దాని జోలికి పోకూడదు.

ఐలమ్మలా ‘నేను’ అని మాట్లాడకండి. ఆమె ఎప్పుడు చనిపోయిందని పిల్లలడిగితే పాత్ర చెప్పలేదు. మీరైతే 1985 అని చెప్పొచ్చు. ‘అప్పట్లో ఇట్లా చేసేవాళ్లు’ అనడమే మేలు.

ముతక నేతచీర చాలు. కొత్తదాని గంజి పోయేదాకా ఐదారు ఉతుకులు వేయండి. పాలిస్టర్ కలిసిందైతే మెరుస్తుంది, మన ఎండలకు ఉక్కపోస్తుంది. గడియారం, గోళ్లరంగు తీసేయండి. కళ్లద్దాలు లేనిదే నడవలేకపోతే ఉంచుకోండి. చిరుగులు, మసి మాత్రం వద్దు. ఊరందరి బట్టలు తెల్లగా చేసినవాళ్లను మురికిగా చూపడమేంటి?

పని చూపండి. మట్టిబాన, చౌడు మన్ను, నాలుగు ముతకగుడ్డలు. గుడ్డలు చౌడునీళ్లలో నానబెట్టి, పిండి, బాన మూతిమీద పేర్చి ఆవిరి పట్టించడమే ఉబ్బ వేయడం. ఆ తర్వాతే చెరువుగట్టున బండకేసి ఉతుకుడు. మ్యూజియం లోపల నిప్పు పెట్టకుండా ఖాళీ బానమీద పేర్చి చూపండి. చౌడు క్షారం, చేతులు మండుతాయి; కడుక్కోవడానికి పక్కనే నీళ్లుంచుకోండి. చేతులు ఆడుతుండగానే చెప్పండి: దొర ఇంటికి ఇదంతా కూలి లేకుండానే. పాలకుర్తిలో ఐలమ్మ కౌలుకు పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోతే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు అడ్డుపడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. మాట పన్నెండు నిమిషాలు దాటితే జనం జారుకుంటారు. ప్రశ్నలకు మరో ఐదు ఉంచండి.

పిల్లల నెత్తిన మూట పెట్టించడం, కాళ్లు మొక్కించడం చేయొద్దు. కులం చూసి వేషాలు పంచితే ఒప్పుకోకండి. మీ కులమేందని ఎవరైనా అడిగితే ‘ఆ పని గురించి అడగండి’ అనండి. జనాన్ని రానిచ్చే ముందు, ఆ పని చేసిన రజక పెద్దలను పిలిచి ఒకసారి చూపండి. మూట కట్టే తీరు తప్పితే వాళ్లే ముందు పట్టేస్తారు.